అద్దె కాసెట్టు నుంచి నెలవారీ చందా దాకా

మా ఇంట్లో ఒక పాత పద్దుల పుస్తకం ఉంది. 1984 సెప్టెంబరులో నేనూ, మా ఆవిడా ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో కాపురం పెట్టిన నాటి నుంచి ఆవిడ అందులో ప్రతి పైసా ఖర్చూ రాసేది. పాలు, బియ్యం, ఇండియాకి ఫోను, గ్యాసు, అద్దె. మొన్న చలికాలంలో బేస్‌మెంటు సర్దుతుంటే ఆ పుస్తకం బయటపడింది. మొదటి పేజీల్లోనే ఒక పద్దు కనిపించింది: "కాసెట్లు 4 – 8 డాలర్లు".

సరిగ్గా అదే వారం క్రెడిట్ కార్డు బిల్లు వచ్చింది. అందులో టీవీ చందాలే ఆరు. ఆరూ కలిపితే నెలకి డెబ్భై ఎనిమిది డాలర్లు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే! ఆరింటిలో రెండు ఎందుకు కడుతున్నామో ఇద్దరికీ గుర్తు రాలేదు. ఎనిమిది డాలర్ల నుంచి డెబ్భై ఎనిమిది డాలర్ల దాకా ఎలా వచ్చామా అని ఆలోచిస్తే, అది ఒక్క మా ఇంటి కథ కాదనిపించింది. ఈ దేశానికి వచ్చిన తెలుగువాళ్ళందరి డ్రాయింగు రూముల చరిత్ర అది. అందుకే ఈ వ్యాసం.

డెవాన్ అవెన్యూ యాత్రలు

ఆ రోజుల్లో పియోరియాలో తెలుగు మాట వినాలంటే మేం నాలుగు కుటుంబాల వాళ్ళం ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిందే. నెలకోసారి వంతుల ప్రకారం ఎవరో ఒకరు కారు వేసుకుని షికాగో వెళ్ళేవాళ్ళం. వెళ్ళడానికి మూడు గంటలు, రావడానికి మూడు గంటలు. 1974లో పటేల్ బ్రదర్స్ మొదటి దుకాణం తెరిచిన డెవాన్ అవెన్యూ అప్పటికే మనవాళ్ళకి ఒక చిన్న అబిడ్స్‌లా తయారైంది. కందిపప్పు, చింతపండు, ఇడ్లీ రవ్వతో పాటు వీడియో కాసెట్లు కూడా తెచ్చుకునేవాళ్ళం.

ఆ కాసెట్లు ఎలా ఉండేవో మీలో పాతవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాపీకి కాపీ, దానికి మళ్ళీ కాపీ. హీరో చొక్కా రంగు హీరోయిన్ మొహం మీదికి పాకేది. ఫైటింగు మధ్యలో నగల దుకాణం ప్రకటన తెర అడుగున పాకుతూ వెళ్ళేది. అందులో ఎన్ని న్యాయంగా తయారైనవో, ఎన్ని దొంగ కాపీలో మేం అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఈ మాట ఇప్పుడైనా ఒప్పుకోవాలి. నేను దిగిన ఏడాదే, 1984 జనవరిలో, అమెరికా సుప్రీంకోర్టు ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. టీవీలో వచ్చే కార్యక్రమాన్ని తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని అయిదుగురు, తప్పేనని నలుగురు అన్నారు. ఆ ఒక్క ఓటు అటు పడి ఉంటే మన ఇళ్ళల్లో వీసీఆర్‌ల చరిత్ర వేరేగా ఉండేది.

తెచ్చిన నాలుగు కాసెట్లూ నాలుగిళ్ళు తిరిగేవి. శుక్రవారం ఒకరింట్లో, శనివారం ఇంకొకరింట్లో. ఏది చూడాలో చెప్పేది మా డాక్టరుగారి భార్య. ఆవిడ "రెండో సగం వదిలెయ్యండి అన్నయ్యగారూ, నిద్ర చెడుతుంది తప్ప ఏమీ లేదు" అంటే ఆ కాసెట్టు మా ఇంటి దాకా రాకుండానే వెనక్కి పోయేది. ఆవిడ మెచ్చుకున్నదైతే రెండుసార్లు చూసేవాళ్ళం. పులిహోర ఒకరిది, పెరుగన్నం ఒకరిది. పిల్లలు కార్పెట్ మీదే నిద్రపోయేవాళ్ళు.

నాన్నగారి కాసెట్టు

1986 వేసవిలో మా చెల్లెలి పెళ్ళి తెనాలిలో జరిగింది. మా పెద్దవాడు అప్పుడే పుట్టాడు, నాది కొత్త ఉద్యోగం. వెళ్ళలేకపోయాను. రెండు నెలల తర్వాత ఊరివాళ్ళెవరో వస్తుంటే నాన్నగారు పెళ్ళి వీడియో పంపించారు. నాలుగు కుటుంబాల వాళ్ళమూ కూర్చున్నాం. కాసెట్టు పెడితే తెర మీద నల్లటి గీతలు ఎగురుతున్నాయి, బొమ్మ లేదు.

ఇండియాలో టీవీ పద్ధతి పాల్, అంటే 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. అమెరికాలోది ఎన్‌టీఎస్‌సీ, 525 గీతలు, సెకనుకి దాదాపు 30 బొమ్మలు. ఒకదాని కోసం తయారైన కాసెట్టు రెండోదానికి అర్థం కాదు. షికాగోలో మార్చి ఇచ్చే దుకాణం ఉందని తెలిసి పట్టుకెళ్ళాను. పద్దుల పుస్తకంలో ఆ నెల ఇలా ఉంది: "పెళ్ళి కాసెట్టు మార్పిడి – 35 డాలర్లు". మా నెల కూరగాయల ఖర్చుకి అది దగ్గర దగ్గర సమానం.

అప్పగింతలప్పుడు నాన్నగారు ఉత్తరీయం కొసతో కళ్ళు తుడుచుకుని, కెమెరా తన మీదికి వచ్చిందని గమనించి, "పెద్దాడు చూస్తాడు, నన్ను తియ్యొద్దయ్యా" అంటారు. నాన్నగారు 1991లో పోయారు. కదిలే బొమ్మలో ఆయన మాకు మిగిలింది ఆ పదకొండు సెకన్లే. డీవీడీలు వచ్చాక కూడా ఈ బాధ పూర్తిగా పోలేదు. అమెరికాకి ఒకటో నంబరు ప్రాంతం, ఇండియాకి అయిదో నంబరు ప్రాంతం అని కంపెనీలు గీతలు గీశాయి. అక్కడ కొన్నది ఇక్కడ ఆడకుండా ఆపడం ఇవాళ్టి విషయం కాదన్నమాట.

ఆకాశం నుంచి తెలుగు

తెలుగు టీవీ చరిత్రలో మనకి సంబంధించిన ఒక విశేషం చాలామందికి తెలియదు. ఆంధ్రదేశంలో పల్లెలు మొదట టీవీ చూసింది అమెరికా ఉపగ్రహం ద్వారా. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు ఇండియాకి అరువిచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకి దాని ద్వారా కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగు కార్యక్రమాలు తయారుచెయ్యడానికి హైదరాబాదులో కేంద్రం పెట్టారు. పొలం పనులు, ఆరోగ్యం, బడి పాఠాలు, అన్నీ పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా కూర్చుని చూసేవాళ్ళు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ మొదలైంది. 1982 ఆసియా క్రీడలతో రంగులొచ్చాయి. 1987 జనవరిలో రామాయణం మొదలయ్యాక ఆదివారం పొద్దున ఊళ్ళో రోడ్లు ఖాళీ అయ్యేవని అమ్మ ఉత్తరాల్లో రాసేది.

1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. 1996లో ఈటీవీలో బాలసుబ్రహ్మణ్యంగారి 'పాడుతా తీయగా' మొదలైంది. ఇక్కడ అమెరికాలో చిన్న డిష్‌ల కాలం కూడా అప్పుడే: 1994లో డైరెక్ట్ టీవీ, 1996లో డిష్ నెట్‌వర్క్. అదే 1996లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఒక నియమం చేసింది. మీటరు కంటే చిన్న డిష్ పెట్టుకుంటే ఇళ్ళ సంఘాలు అడ్డుచెప్పకూడదని. 1999 నుంచి అద్దె అపార్ట్‌మెంట్లలో సొంత బాల్కనీ ఉన్నవాళ్ళకి కూడా అది వర్తించింది. మనవాళ్ళ బాల్కనీల్లో తులసి కుండీ పక్కన డిష్ వెలిసింది ఆ నియమం పుణ్యమే.

మా అమ్మ 2003లో మా దగ్గరికి వచ్చేసింది. అప్పటికి మేం షికాగో శివార్లకి మారాం. మొదటి చలికాలం ఆవిడకి నరకం. బయట మంచు. ఇంట్లో అందరం పొద్దున పోతే సాయంత్రం వచ్చేవాళ్ళం. "ఒరే అబ్బాయ్, గోడలతో ఎంతసేపు మాట్లాడమంటావు? నన్ను పంపించెయ్యి" అంది. 2005లో తెలుగు చానళ్ళ ప్యాకేజీ పెట్టించాను. మామూలు డిష్ చూసే ఉపగ్రహం వేరు, మన భాషల చానళ్ళు వచ్చే ఉపగ్రహం వేరు కాబట్టి కప్పు మీద రెండో డిష్ బిగించారు. నెలకి ముప్ఫై డాలర్లు అదనం. మా ఆవిడ పద్దుల్లో ఆ వరస మీద "అత్తయ్యగారి టీవీ" అని రాసింది.

ఇండియాలో రాత్రి ఎనిమిది అంటే చలికాలంలో మాకు ఉదయం ఎనిమిదిన్నర. మేం ఆఫీసులకి బయల్దేరే వేళకి అమ్మకి సాయంత్రం మొదలయ్యేది. మంజులా నాయుడుగారి 'చక్రవాకం', అది అయ్యాక 2008 నుంచి 'మొగలిరేకులు'. రాత్రి భోజనాల దగ్గర కథంతా చెప్పేది. వాళ్ళెవరో తెలియకపోయినా మా పిల్లలు వినేవాళ్ళు. "నానమ్మా, దెన్ వాట్ హ్యాపెండ్?" అని అడిగితే, "తెలుగులో అడిగితేనే చెప్తా" అనేది. మా పిల్లల తెలుగు, ఇవాళ ఉన్న ఆ కాస్తా, ఆ భోజనాల దగ్గర వచ్చిందే. ఆదివారం మాత్రం అందరం కలిసి 'అమృతం' చూసేవాళ్ళం. గుణ్ణం గంగరాజుగారు తీసిన ఆ హాస్యం 2001 నుంచి 2007 దాకా జెమినిలో వచ్చింది. హోటలు నడపడం రాని ఇద్దరి కథకి మా అమెరికా పిల్లలు కూడా నవ్వారు.

అమ్మ 2014లో పోయింది. ఆ తర్వాత ఎనిమిది నెలల దాకా ఆ ముప్ఫై డాలర్లు కడుతూనే ఉన్నాం. చూసేవాళ్ళు లేరు. ప్రతి నెలా బిల్లు చూసి మా ఆవిడ పక్కన పెట్టేసేది. ఒకరోజు నేనే ఫోను చేశాను. అవతలి అమ్మాయి, "మీరు సేవ ఎందుకు మానేస్తున్నారు?" అని అడిగింది. ఏ జవాబు చెప్పానో గుర్తులేదు.

చందాల కాలం

ఈలోగా ప్రపంచం మారిపోయింది. 1997లో పుట్టి, పోస్టులో డీవీడీలు పంపించిన నెట్‌ఫ్లిక్స్ 2007లో ఇంటర్నెట్ ద్వారా సినిమాలు చూపించడం మొదలుపెట్టింది. మన తెలుగువాడు ఉదయ్ రెడ్డిగారు 2006లో యప్‌టీవీ స్థాపించి, డిష్ లేకుండా మన చానళ్ళు చూసే దారి వేశారు. 2020 ఉగాదికి అల్లు అరవింద్‌గారు తెలుగుకే అంకితమైన 'ఆహా' తెచ్చారు. అప్పట్లో ఇండియాలో ఏడాదికి 365 రూపాయలు, అంటే రోజుకొక రూపాయి!

ఇక ధరల సంగతి. 2010 నవంబరులో నెట్‌ఫ్లిక్స్ ఇంటర్నెట్ చందా నెలకి 7.99 డాలర్లు. ప్రకటనలు లేని స్టాండర్డ్ చందా 2019లో 12.99 అయింది, 2022లో 15.49, 2025 జనవరిలో 17.99. డిస్నీ ప్లస్ 2019 నవంబరులో 6.99తో వచ్చి, ప్రకటనలు లేని చందా 2025 అక్టోబరు నాటికి 18.99కి చేరింది. అమెజాన్ ప్రైమ్ 2005లో ఏడాదికి 79 డాలర్లు, 2022లో 139. పైగా 2024 జనవరి నుంచి అందులో ప్రకటనలు పెట్టి, అవి వద్దంటే నెలకి ఇంకో 2.99 ఇవ్వమన్నారు. 2010 నుంచి 2025 వరకు ఈ దేశంలో మామూలు ధరలు సుమారు సగం మేర పెరిగితే, నెట్‌ఫ్లిక్స్ రెండింతలు దాటింది. డిస్నీకి అయితే ఆరేళ్ళే పట్టింది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మొదట్లో అందరికీ కావలసింది చందాదారుల లెక్క. నష్టం వచ్చినా సరే, అప్పు తెచ్చి అయినా సరే, చవగ్గా ఇచ్చారు. 2017లో నెట్‌ఫ్లిక్స్ వాళ్ళే పాస్‌వర్డు పంచుకోవడం ప్రేమకి గుర్తన్నట్టు ట్విట్టర్‌లో రాశారు. 2022 ఏప్రిల్‌లో, పదేళ్ళకి పైగా కాలంలో మొదటిసారి, చందాదారులు రెండు లక్షలు తగ్గారని వాళ్ళే ప్రకటించారు. వాటా ధర ఒక్క రోజులో మూడో వంతుకి పైగా పడిపోయింది. ఆ రోజు నుంచి మదుపరులు అడిగే ప్రశ్న మారింది. ఎంతమంది ఉన్నారని కాదు, లాభం ఎంత అని. 2023 మే నెలలో అమెరికాలో పాస్‌వర్డు పంపకానికి కళ్ళెం పడింది. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి ఖాతాతో చూస్తున్న మేం కూడా ఆ వేసవిలో వేరు కాపురం పెట్టాం.

మన భాషకి ఇంకో చిక్కుంది. ఇండియాలో కోట్ల మంది చూస్తారు కాబట్టి తక్కువ చందా సరిపోతుంది. ఇక్కడ చూసేవాళ్ళు లక్షల్లోనే, ఖర్చు తలకి ఎక్కువ పడుతుంది. ఒక సీరియల్ ఇవాళ ఒక చోట, రేపు ఇంకో చోట. హక్కుల ఒప్పందం ముగిస్తే అసలెక్కడా ఉండదు. మా ఆవిడ ఒక సర్వీసుకి ఏడాది చందా కట్టి, ఒక పాత సీరియల్ నలభై భాగాలు చూసింది. నలభై ఒకటో భాగం రోజున అది జాబితాలోంచి మాయమైంది. చందా మాత్రం ఏడాది తిరగ్గానే దానంతటదే మళ్ళీ పట్టేసుకున్నారు.

పద్దుల పుస్తకం చెప్పిన లెక్క

ఇదంతా మా ఆవిడకి చెప్పి, రోజులు మారిపోయాయని నిట్టూర్చాను. ఆవిడ పద్దుల పుస్తకం తీసుకుని, "ఏమండీ, లెక్క సరిగ్గా వెయ్యండి" అంది. 1984 నాటి ఎనిమిది డాలర్లంటే ఇప్పటి పాతిక డాలర్లు. దానికి మూడు వందల పైచిలుకు మైళ్ళ పెట్రోలు, ఒక శనివారం మొత్తం. వచ్చేది రంగులు కారే నాలుగు సినిమాలు. ఇప్పుడు అంతకంటే తక్కువకి ఒక్క చందాలో వందల సినిమాలు అద్దంలా కనిపిస్తాయి. "అప్పుడు చవకేమీ కాదు. నలుగురం పంచుకున్నాం కాబట్టి బరువు తెలియలేదు" అంది.

ఆ మాట నిజం. అప్పుడు నాలుగిళ్ళకి నాలుగు కాసెట్లు. ఇప్పుడు ఇద్దరికి ఆరు చందాలు. అప్పుడు ఏది చూడాలో డాక్టరుగారి భార్య చెప్పేది. ఆవిడ మాట తప్పయితే మర్నాడు ఆవిడనే దెబ్బలాడేవాళ్ళం. ఇప్పుడు మనం నిన్న చూసినదాన్ని బట్టి యంత్రం చెబుతోంది. దానితో దెబ్బలాడలేం.

అందుకని మేం కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ఆరు చందాలూ రద్దు చేసి, నెలకి రెండే ఉంచుకున్నాం: ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లీషు. చూడాలనుకున్నవి అయిపోతే దాన్ని మానేసి వచ్చే నెల ఇంకొకటి. ఏడాది చందా జోలికి పోవడం లేదు. చందా కట్టిన రోజే, దానంతటది కొనసాగకుండా ఆపేస్తున్నాం. అలా ఆపినా నెల పూర్తయ్యే దాకా చూడనిస్తారు. 'అమృతం' లాంటివి యూట్యూబ్‌లో పైసా ఖర్చు లేకుండానే దొరుకుతున్నాయి. ఇప్పుడు మా నెల ఖర్చు ముప్ఫై డాలర్ల లోపే.

ఇక ఏం చూడాలి అంటారా? శనివారం రాత్రి మా వీధిలో మూడు కుటుంబాలు మా ఇంటికి వస్తున్నాయి. ఈటీవీ విన్‌లో 2024 జనవరిలో వచ్చిన '90స్ – ఎ మిడిల్ క్లాస్ బయోపిక్' అలాగే చూశాం. ఆదిత్య హాసన్ తీశారు, శివాజీ లెక్కల మాస్టారు. ఆ తండ్రి పిల్లల మార్కుల గురించి మాట్లాడే తీరు చూసి మా వీధిలో ముగ్గురు తండ్రులు తలవంచుకున్నారు. 2023లో వచ్చిన 'సేవ్ ది టైగర్స్' చూసి ఆడవాళ్ళు ఎక్కువ నవ్వారు. బాలుగారు 2020లో వెళ్ళిపోయినా, ఆయన అబ్బాయి చరణ్ 2021 చివర్లో మళ్ళీ మొదలుపెట్టిన 'పాడుతా తీయగా' పాటలు వస్తుంటే ఎనిమిదేళ్ళ మా మనవరాలు పక్కకొచ్చి కూర్చుంటోంది. మొన్న, "తాతయ్యా, తర్వాత ఏమైంది?" అని తెలుగులో అడిగింది. వాళ్ళ నాన్న నేర్పాడట, తెలుగులో అడిగితేనే తాతయ్య చెప్తాడని.

చివరిగా ఒక మనవి. చందా ఆపిన రోజు చేతిలో ఏమీ మిగలదు. కానీ మీ బేస్‌మెంట్లలో, గరాజుల్లో పాత వీడియో కాసెట్లున్నాయి: పెళ్ళిళ్ళు, బారసాలలు, పాతికేళ్ళ క్రితం మన సంఘాల ఉగాది నాటకాలు, ఇలాంటి మహాసభల్లో మన పెద్దలు చేసిన ప్రసంగాలు. అవి ఏ సర్వీసులోనూ దొరకవు. కాసెట్టు టేపు మీద పూత ఏళ్ళు గడిచేకొద్దీ పాడైపోతుంది, తేమ తగిలితే బూజు పడుతుంది. మా నాన్నగారి కాసెట్టు 2008లో కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పటికే చివర సగం గంట పోయింది. అదృష్టం కొద్దీ అప్పగింతలు దానికి ముందే ఉన్నాయి.

ఈ మహాసభల నుంచి ఇంటికి వెళ్ళాక ఒక శనివారం ఆ పెట్టె తెరవండి. ఒక్క నెల చందా డబ్బులు పక్కన పెట్టి, ముందుగా ఒక్క కాసెట్టు అయినా మార్పించండి. మార్పించాక పక్కింటివాళ్ళని కూడా పిలిచి చూపించండి. పులిహోర వాళ్ళని తెమ్మనండి.